జిగురుతో అతికిన లోహపు అతుకు: బలాన్ని ముందుగా లెక్కగట్టడం ఎంతవరకు సాధ్యం?

లోహపు రేకులను అతికే ఎపాక్సీ జిగురు ఏది కొన్నా, దానితో వచ్చే సమాచార పత్రంలో 'ల్యాప్ షియర్ బలం' (అతికిన రేకులు ఒకదాని మీద ఒకటి జారిపోకుండా నిలిచే బలం) అనే అంకె ఒకటి ఉంటుంది. అది 30 మెగాపాస్కల్ అనుకుందాం. అంటే చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు, సుమారు 3 కిలోల బరువు. ఈ అంకె చూడగానే కొత్త ఇంజనీరు చేతికి వచ్చేది గుణకారమే. రెండు రేకులను 25 మిల్లీమీటర్ల వెడల్పున, 12.5 మిల్లీమీటర్ల పొడవున ఒకదాని మీద ఒకటి పెట్టి అతికితే 9,400 న్యూటన్లు, అంటే దాదాపు 950 కిలోలు మోస్తుంది. పొడవును 50 మిల్లీమీటర్లకు పెంచితే దానికి నాలుగింతలు మోస్తుంది. వీటిలో మొదటి లెక్క ప్రయోగశాలలో సరిగ్గానే వస్తుంది. వస్తుందంటే వింత లేదు. ఆ 30 అనే అంకెను తీసిందే అలాంటి ముక్కను లాగి, విరిగిన బలాన్ని అతికిన వైశాల్యంతో భాగించి. రెండో లెక్క మాత్రం తప్పుతుంది, అదీ కొద్ది తేడాతో కాదు.

ఆ అంకె వెనుక ఉన్న పరీక్ష లోకమంతటా వాడుకలో ఉన్నదే. అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం డి1002 ప్రకారం సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం గల రేకులను 25.4 మిల్లీమీటర్ల వెడల్పుతో, 12.7 మిల్లీమీటర్ల ఓవర్‌ల్యాప్‌తో (ఒకదాని మీద ఒకటి వచ్చే పొడవుతో) అతికి, రెండు కొసలూ పట్టుకుని లాగుతారు. ఒక జిగురును మరో జిగురుతో పోల్చడానికి, నిన్నటి సరుకూ నేటి సరుకూ ఒకేలా ఉన్నాయో లేదో చూడటానికి ఇది చక్కని పరీక్ష. డిజైన్‌కు వాడదగిన విలువలు దీనితో రావని ఆ ప్రమాణమే హెచ్చరిస్తుంది. అయినా సమాచార పత్రంలో అందరి కంటికీ ముందు ఆనేది ఆ అంకే. అందులో జిగురు బలం ఎంత, రేకు వంపు ఎంత, కొసల దగ్గర బయటికి ఉబికిన జిగురు ముద్ద పాలు ఎంత అన్నది ఆ ఒక్క అంకెను చూసి చెప్పలేం.

రెండు రేకులు కలిసే చోట బలం ఒకదాని నుంచి మరొకదానికి ఎలా మారుతుందో 1938లో జర్మనీకి చెందిన ఓ. ఫోల్కర్‌సెన్ లెక్కగట్టాడు. ఆయన అప్పుడు తలపెట్టింది రివెట్ల అతుకులను. ఆ సమీకరణాలే తర్వాత జిగురు అతుకుల సిద్ధాంతానికి పునాది అయ్యాయి. ఆలోచన సులువైనదే. ఓవర్‌ల్యాప్ మొదలయ్యే కొస దగ్గర పై రేకు మొత్తం బలాన్ని మోస్తుంది కనుక పూర్తిగా సాగుతుంది, కింది రేకు అక్కడ ఏమీ మోయదు కనుక సాగదు. ఆ రెంటి సాగుదలలో ఉన్న తేడా అంతా మధ్యనున్న పలుచని జిగురు పొర మీద పడి దాన్ని పక్కకు వాలుస్తుంది. రెండో కొస దగ్గర ఇదే తలకిందులుగా జరుగుతుంది. నడుమ భాగంలో రెండు రేకులూ చెరిసగం మోస్తూ సమానంగా సాగుతాయి కాబట్టి అక్కడి జిగురుకు పెద్ద పని ఉండదు. పల్లకీ బరువంతా ముందు ఒకరి భుజం మీద, వెనుక ఒకరి భుజం మీద పడి, మధ్యలోని బోయీలు చెయ్యి ఆనించి నడిచినట్టుంటుంది ఈ వ్యవహారం.

దీన్ని అంకెల్లో చూస్తే తీవ్రత తెలుస్తుంది. 1.6 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకులు, 0.2 మిల్లీమీటర్ల జిగురు పొర, జిగురుకు 1 గిగాపాస్కల్ షియర్ గుణకం (పక్కకు వాలకుండా నిలిచే బిగువు), అల్యూమినియానికి 70 గిగాపాస్కల్ యంగ్ గుణకం (సాగకుండా నిలిచే బిగువు) అనుకుని ఫోల్కర్‌సెన్ సూత్రంలో వేస్తే, 12.5 మిల్లీమీటర్ల ఓవర్‌ల్యాప్‌లో కొసల దగ్గర షియర్ ప్రతిబలం (చదరపు మిల్లీమీటరు జిగురు మీద పడే జారుడు బలం) సగటుకు దాదాపు రెండింతలు ఉంటుంది. 25 మిల్లీమీటర్లకు అది 3.7 రెట్లు, 50 మిల్లీమీటర్లకు 7.5 రెట్లు. జిగురు 40 మెగాపాస్కల్ దగ్గర తెగుతుందనుకుంటే, మిల్లీమీటరు వెడల్పుకు అతుకు మోసే బలం ఈ మూడు పొడవులకూ వరుసగా 255, 268, 268 న్యూటన్లు వస్తుంది. పొడవు నాలుగింతలైతే బలం పెరిగింది నూటికి అయిదు వంతులే. జిగురు ఖర్చు మాత్రం నాలుగింతలూ అవుతుంది.

ఫోల్కర్‌సెన్ చిత్రంలో రేకులు వంగవు. నిజంలో ఒకదాని మీద ఒకటి పెట్టి అతికిన రెండు రేకులను రెండు వైపులా లాగితే, పై రేకును లాగే గీతా కింది రేకును లాగే గీతా ఒకటి కావు; ఆ రెండూ ఒకే సరళరేఖకు రావాలని అతుకు మెలి తిరుగుతుంది. అతుకు దగ్గర రేకు వంగుతుంది, కొసల దగ్గర జిగురును పైకి లేపి ఒలిచే ప్రతిబలం పుడుతుంది. అరటి తొక్కను లాగినట్టు, కొసన పట్టు దొరికితే చాలు మిగతాది తక్కువ బలంతోనే వచ్చేస్తుంది. 1944లో గోలాండ్, రైస్‌నర్ ఈ వంపును లెక్కలోకి తెచ్చారు. షియర్‌లో బలిష్ఠమైన చాలా జిగుళ్లు ఒలుపుకు నిలవలేవు కనుక, ఒంటి ల్యాప్ అతుకులు (ఇలా రెండు రేకులనే ఒకదాని మీద ఒకటి అతికినవి) నిజానికి తెగేది ఎక్కువసార్లు ఈ ఒలుపు వల్లనే. వాటి బలాన్ని 'షియర్ బలం' అని పిలుచుకోవడం అలవాటుగా మిగిలిపోయింది.

వంపు వల్ల రేకుకు జరిగేది ఇంకా తక్కువగా పట్టించుకునే సంగతి. గోలాండ్–రైస్‌నర్ లెక్కలో కొస దగ్గర రేకు ఉపరితలం మీది ప్రతిబలం సగటుకు నాలుగింతల వరకు చేరగలదు. పైన చెప్పిన ప్రామాణిక ముక్కనే 2024-టీ3 అల్యూమినియం మిశ్రమంతో చేశామనుకుందాం. ఆ మిశ్రమం సుమారు 340 మెగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. ఆ సూత్రాల్లో వేసి చూస్తే, 9,400 న్యూటన్ల దగ్గర విరగాల్సిన ముక్కలో 4,600 న్యూటన్ల దగ్గరే, అంటే సగం బలానికే, కొస దగ్గరి అల్యూమినియం సాగడం మొదలవుతుంది. సాగిన రేకు మరింత వంగుతుంది, వంగిన కొద్దీ జిగురును మరింత ఒలుస్తుంది. సమాచార పత్రంలో జిగురు పేరు మీద రాసిన బలంలో ఈ విధంగా రేకుకూ వాటా ఉంది. అదే జిగురును మెత్తని ఉక్కు రేకు మీద పూసి లాగితే ఒక అంకె, గట్టి ఉక్కు మీద పూసి లాగితే మరో అంకె వస్తాయి. జిగురు మాత్రం మారలేదు.

ఇదంతా జిగురు గాజులా పెళుసుగా తెగుతుందన్న ఊహ మీద నడిచిన లెక్క. మంచి జిగుళ్లు అలా తెగవు, సాగుతాయి. కొసల దగ్గర జిగురు తన హద్దుకు చేరి సాగడం మొదలుపెడితే, ఆ పై బలం నడుమనున్న జిగురు మీదికి జరుగుతుంది. డగ్లస్ విమాన సంస్థలో పనిచేసిన ఎల్. జె. హార్ట్-స్మిత్ 1973లో నాసా కోసం రాసిన నివేదికల్లో దీన్ని సూత్రబద్ధం చేశాడు. పొడవైన అతుకు బలాన్ని తేల్చేది జిగురు గరిష్ఠ ప్రతిబలం ఒక్కటే కాదనీ, షియర్ ప్రతిబలానికీ వికృతికీ (జిగురు ఎంత సాగిందన్న కొలతకూ) మధ్య గీసిన వక్రరేఖ కింద ఉన్న మొత్తం వైశాల్యమనీ, అంటే తెగేలోపు జిగురు మింగగల శక్తి అనీ ఆయన చూపించాడు. 60 మెగాపాస్కల్ దగ్గర పెళుసుగా విరిగే జిగురు కంటే 35 దగ్గర ఆగి బాగా సాగే జిగురు ఎక్కువ బరువు మోసే అతుకునివ్వడం ఇందువల్లనే. కొనేవాళ్లు మాత్రం పెద్ద అంకె ఉన్న డబ్బావైపే చెయ్యి చాపుతారు.

హార్ట్-స్మిత్ చెప్పిన మరో సంగతి మొదట విన్నప్పుడు వింతగా తోస్తుంది. ఓవర్‌ల్యాప్ మధ్యలో ఏ పనీ చేయని జిగురును కావాలనే ఉంచాలి, అక్కడి ప్రతిబలం జిగురు సాగే హద్దులో పదో వంతును మించకూడదు. జిగురు పాలిమర్ కాబట్టి నిలకడగా బరువు పెడితే నెమ్మదిగా జారుతుంది. కొసల దగ్గర ప్రతి లాగుడుకూ కొంత జారినా, బరువు తీసేయగానే మధ్యలోని ఆ కదలని భాగం రెండు రేకులనూ మళ్లీ యథాస్థానానికి లాగి పెడుతుంది. అతుకును కుదించి మధ్యలో కూడా బరువు పెడితే ఆ లంగరు పోతుంది, జారుడు రోజురోజుకూ పోగవుతుంది. ప్రయోగశాలలోని 12.7 మిల్లీమీటర్ల ముక్కలో అలాంటి మధ్య భాగమే ఉండదు. చిన్న ముక్కను పరీక్షించి పెద్ద అతుకు ఆయుష్షును చెప్పబోయేవారు ఇక్కడ రెండోసారి దెబ్బతింటారు.

ఇంకో దారిలో వెళ్లినా దాదాపు ఇదే చోటికి చేరతాం. ప్రతిబలాన్ని వదిలేసి పగులును చూస్తే, జిగురులో పగులు ఒక చదరపు మిల్లీమీటరు ముందుకు జరగడానికి ఎంత శక్తి కావాలన్నది ప్రశ్న అవుతుంది. వంపును పక్కనబెట్టి, సమానమైన రెండు రేకుల పొడవైన అతుకుకు ఈ లెక్క చేస్తే, మిల్లీమీటరు వెడల్పుకు మోసే బలం రేకు యంగ్ గుణకం, రేకు మందం, జిగురు పగులు శక్తి ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం తీసి రెండింతలు చేస్తే వస్తుంది. ఓవర్‌ల్యాప్ పొడవు ఈ సూత్రంలో ఎక్కడా లేదు. సాదా ఎపాక్సీకి మిల్లీమీటరుకు 0.2 న్యూటన్ల పగులు శక్తి అనుకుంటే మన రేకులకు 299 న్యూటన్లు వస్తుంది. రబ్బరు కణాలు కలిపి గట్టిపరచిన జిగురుకు 2 న్యూటన్లు అనుకుంటే 947 వస్తుంది. అప్పుడు రేకులోనే 590 మెగాపాస్కల్ ప్రతిబలం పుడుతుంది కాబట్టి జిగురు తెగకముందే అల్యూమినియం లొంగిపోతుంది. మందం వర్గమూలంగా రావడమూ కొత్త సంగతేమీ కాదు. కేంబ్రిడ్జి దగ్గరి డక్స్‌ఫర్డ్‌లో 1940ల తొలినాళ్లలో రెడక్స్ అనే లోహపు జిగురును తయారుచేసిన నార్మన్ డి బ్రూయ్న్, అతుకులను పోల్చడానికి రేకు మందపు వర్గమూలాన్ని ఓవర్‌ల్యాప్‌తో భాగించిన నిష్పత్తినే వాడాడు.

కంప్యూటర్లు వచ్చాక ఈ లెక్కలన్నీ ఎందుకు, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో మొత్తం అతుకును చిన్న చిన్న గడులుగా గీసి గరిష్ఠ ప్రతిబలం చదువుకుంటే సరిపోదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. సరిపోదు. లోహం మూల, జిగురు, గాలి మూడూ కలిసే బిందువు దగ్గర స్థితిస్థాపక సిద్ధాంతం ప్రకారం ప్రతిబలం అనంతం. గడులను ఎంత సన్నగా కోస్తే అంకె అంత పెరుగుతుంది. అంటే తెరమీద కనబడే గరిష్ఠ విలువ అతుకు గుణం కాదు, గీసిన వ్యక్తి ఎంచుకున్న గడి పరిమాణం. ఎర్రరంగులో మెరిసే ఆ మూలను చూపించి 'ఇక్కడ విరుగుతుంది' అని చెప్పే నివేదికలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. విరిగే చోటు బహుశా అదే కావచ్చు గానీ, ఎంత బరువుకు విరుగుతుందో ఆ రంగు చెప్పదు. పైగా నిజమైన అతుకులో ఆ మూల అంత పదునుగా ఉండదు. లోహపు అంచు కొద్దిగా గుండ్రంగా ఉంటుంది, కొస దగ్గర జిగురు బయటికి ఉబికి చిన్న వాలుగా గడ్డకడుతుంది. ఆ వాలు బరువును నెమ్మదిగా ఒక రేకు నుంచి మరో రేకుకు దాటించి కొసల మీది ఒత్తిడిని తగ్గిస్తుందని ఆర్. డి. ఆడమ్స్ బృందం చూపింది. అందం కోసం దాన్ని గీకి శుభ్రం చేసే కార్మికుడు, తెలియకుండానే, డిజైనర్ లెక్కించుకున్న బలంలో కొంత గీకేస్తున్నాడు.

నేడు ఎక్కువగా వాడేది కొహెసివ్ జోన్ నమూనా. 1959–62 మధ్య బారెన్‌బ్లాట్, డగ్‌డేల్ వేరువేరుగా ప్రతిపాదించిన ఆలోచన దీని మూలం. జిగురు పొరను ఒక వరుస స్ప్రింగులుగా భావిస్తారు. ప్రతి స్ప్రింగు కొంతవరకు బిగుస్తుంది, గరిష్ఠానికి చేరాక మెల్లగా సడలి చివరికి తెగుతుంది. ఆ గరిష్ఠం జిగురు బలాన్ని, స్ప్రింగు గీసే వక్రరేఖ కింది వైశాల్యం పగులు శక్తిని సూచిస్తాయి. చిన్న అతుకులో బలం పెత్తనం చేస్తుంది, పొడవైన అతుకులో పగులు శక్తి పెత్తనం చేస్తుంది, నడుమ రెండూ పంచుకుంటాయి. ఈ ఒక్క నమూనా మూడు సందర్భాల్లోనూ నడుస్తుంది. ఒలుపూ షియరూ కలిసి పనిచేసే చోట రెండు రకాల పగులు శక్తులనూ కలిపే సూత్రాలు కూడా ఉన్నాయి. ఇందులో జాగ్రత్త పడాల్సింది ఒక్కటే: ఆ బలాన్నీ పగులు శక్తినీ వేరే ముక్కల మీద, వేరే పరీక్షలతో కొలిచి తెచ్చుకోవాలి. ఏ అతుకు బలం చెప్పదలిచామో ఆ అతుకు ఫలితానికే సరిపడేలా సర్దుకున్న విలువలతో వచ్చిన 'సరిపోలిక'ను జోస్యం అనకూడదు.

పగులు శక్తి కూడా డబ్బా మీద రాసిపెట్టుకోదగిన స్థిరాంకం కాదని 1981లో కిన్‌లాక్, షా చూపించారు. రబ్బరు కలిపిన ఎపాక్సీ పొర మందం పెంచుతూ పోతే పగులు శక్తి ముందు పెరిగి, పగులు మొన చుట్టూ సాగే ప్రాంతపు వ్యాసానికి పొర మందం సమానమైన దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గింది. రెండు గట్టి లోహాల మధ్య ఇరుక్కున్న జిగురుకు సాగడానికి ఎంత చోటు దొరుకుతుందన్నదే ఇక్కడి మర్మం. ల్యాప్ అతుకులో పొర మందం సంగతి ఇంకా చిత్రం. ఫోల్కర్‌సెన్ సూత్రం ప్రకారం పొర మందమైతే కొసల మీది ప్రతిబలం తగ్గి అతుకు బలపడాలి. ప్రయోగంలో మామూలుగా 0.1–0.3 మిల్లీమీటర్లు దాటితే బలం పడిపోతుంది. రేకుల బలరేఖలు మరింత ఎడమై వంపు పెరగడం, మందపు పొరలో జిగురు మొత్తం ఒకేసారి సాగిపోవడానికి వీలు కలగడం, గాలి బుడగలు మిగలడం, వీటిలో దేనికి ఎంత పాలో పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మళ్లీ మళ్లీ పడే బరువుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లోహంలో పగులు ఎదుగుదల వేగం బరువుతో పెరుగుతుంది గానీ, దాన్ని కనిపెట్టి మరమ్మతు చేసే వ్యవధి సాధారణంగా దొరుకుతుంది. జిగురులో ఆ పెరుగుదల చాలా నిటారు. బరువు కాస్త ఎక్కువైతే పగులు వేగం ఎన్నో రెట్లు అవుతుంది. అందుకని జిగురు అతుకులో పగులు ఎన్నాళ్లకు ఎంత పెరుగుతుందని లెక్కించి నిశ్చింతగా ఉండటం కంటే, పగులు అసలు మొదలవని హద్దు లోపలే బరువును ఉంచడం తెలివైన పని.

ఇంతవరకు చెప్పిన సూత్రాలన్నిటికీ ఒక ఉమ్మడి షరతు ఉంది, అది చాలామంది పైకి చెప్పరు. తెగితే జిగురే తెగాలి. విరిగిన అతుకును విప్పి చూస్తే రెండు రేకుల మీదా జిగురు పొర అంటి ఉండాలి. ఒక రేకు మీద జిగురంతా ఉండి, రెండో రేకు అద్దంలా మెరుస్తూ కనిపిస్తే, తెగింది జిగురు కాదు, జిగురుకూ లోహానికీ మధ్యనున్న అంటు. అప్పుడు జిగురు షియర్ బలం, పగులు శక్తి, స్ప్రింగుల వరుస ఏవీ పనికిరావు. అవన్నీ తెగని పదార్థం గురించి కొలిచినవి.

ఆ అంటును తెంచేది ఎక్కువసార్లు నీరే. ఎపాక్సీకీ ఉక్కు మీది ఆక్సైడ్‌కూ మధ్య అంటు బలాన్ని ఉష్ణగతిక శాస్త్రం ప్రకారం 1970లలో గ్లెడ్‌హిల్, కిన్‌లాక్ లెక్కించారు. పొడి గాలిలో వాటిని విడదీయడానికి చదరపు మీటరుకు 291 మిల్లీజౌళ్ల పని చేయాలి. నీటిలో ఆ విలువ మైనస్ 255. రుణ సంఖ్యకు అర్థం స్పష్టమే: నీరు చేరితే ఆ రెండూ కలిసి ఉండటం కంటే విడిపోవడమే వాటికి సుఖం, ఎవరూ లాగనక్కర్లేదు. ఎపాక్సీ నీటిని పీల్చుకుంటుంది, ఎంత నెమ్మదిగానైనా. పీల్చుకున్న నీరు జిగురును కొంత మెత్తబరుస్తుంది, అది మెత్తబడే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. ఈ భాగాన్ని వ్యాపన సమీకరణాలతో లెక్కించవచ్చు, ఆరితే చాలామటుకు తిరిగి కోలుకుంటుంది కూడా. సరిహద్దు దగ్గర జరిగేది మాత్రం తిరిగిరాదు. అల్యూమినియం మీది ఆక్సైడ్ నీటితో కలిసి హైడ్రాక్సైడ్‌గా మారి ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన పొరకు పట్టు ఉండదు.

ఇందుకు విరుగుడు జిగురు డబ్బాలో లేదు, జిగురు పూయకముందు లోహానికి చేసే పనిలో ఉంది. విమాన పరిశ్రమ మొదట ఆమ్లాలతో కడిగేది, తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లంలో విద్యుత్తుతో ఆక్సైడ్ పెంచే పద్ధతికి మారింది. ఆ పద్ధతిలో ఏర్పడే పొర మందం అర మైక్రాను లోపే. దాని నిండా సన్నని రంధ్రాలు, పైన వెంట్రుకల్లాంటి ముళ్లు ఉంటాయి. జిగురు వాటి లోపలికి దిగి గట్టిపడుతుంది, ఆక్సైడ్‌లో చిక్కుకున్న ఫాస్ఫేట్ నీటి దాడిని ఆలస్యం చేస్తుంది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, బాగా శుద్ధిచేసిన రేకు, ఏదో తుడిచి పూసిన రేకు, రెండింటితో అతికిన ముక్కలను మర్నాడే లాగి చూస్తే చాలాసార్లు ఒకే అంకె వస్తుంది. తేడా బయటపడేది రెండేళ్లకో, పదేళ్లకో. పొడి ముక్క బలం అతుకు ఆయుష్షు గురించి దాదాపు ఏమీ చెప్పదు.

ఏళ్ల తరబడి ఆగలేరు కాబట్టి బోయింగ్ సంస్థలో మేకు పరీక్ష (వెడ్జ్ టెస్ట్) పుట్టింది. తర్వాత అది ఏఎస్‌టీఎం డి3762గా ప్రమాణమైంది. రెండు మందపాటి అల్యూమినియం పట్టీలను అతికి, ఒక కొసన 3.2 మిల్లీమీటర్ల మేకును దిగగొడతారు. జిగురులో కొంత దూరం పగిలి ఆగుతుంది, ఆ కొసను గీతతో గుర్తిస్తారు. తర్వాత మేకును అలాగే ఉంచి, వేడిగా తేమగా ఉన్న పెట్టెలో పెట్టి, పగులు ఎంత ముందుకు జరిగిందో కొలుస్తారు. పగులు మొన దగ్గర అందుబాటులో ఉన్న శక్తి పగులు పొడవు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది, అందుచేత పగులు నూటికి పది వంతులు పొడవైతే శక్తి మూడింట ఒక వంతు పడిపోతుంది. కొద్ది మిల్లీమీటర్ల జరుగుబాటుకూ అంత అర్థం ఉంటుంది. ఎంత జరిగిందన్నదాని కంటే, జరిగిన చోట లోహం బయటపడిందా, జిగురు అంటి ఉందా అన్నదే తీర్పు. ఈ పరీక్ష డిజైన్‌కు ఒక్క అంకె కూడా ఇవ్వదు. అయినా ఒక్కటే పరీక్ష చేయడానికి వీలుంటే చేయవలసింది ఇదే, ల్యాప్ షియర్ కాదు.

ఈ తేడాకు ఎంత వెల చెల్లించాల్సి వస్తుందో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద కనిపించింది. హిలో నుంచి హోనొలూలూ వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 243, బోయింగ్ 737-200 విమానం, 24,000 అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగపు కప్పు సుమారు 18 అడుగుల మేర ఊడి గాలిలో కొట్టుకుపోయింది. ఒక విమాన పరిచారిక మరణించింది. పైలట్లు విమానాన్ని మౌయి దీవిలోని కహులుయిలో దించగలిగారు. 1969లో తయారైన ఆ విమానం అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలిన క్రమం ఇది. తొలినాటి 737ల బయటి పైపొర రేకులను మూడు వరుసల రివెట్లతో పాటు, జిగురు పట్టించిన పలుచని గుడ్డతో, గది ఉష్ణోగ్రత దగ్గరే అతికేవారు. బలాన్ని మోయాల్సింది ఆ జిగురు. ఆ చల్లని అతుకు కొన్నిచోట్ల సరిగా అంటనే లేదు, కొన్నిచోట్ల అంటినా తేమకు నిలవలేదు. జిగురు వదిలాక లోపలికి నీరు చేరి తుప్పు పట్టింది, బరువంతా రివెట్ల మీద పడింది. రివెట్ల తల కూర్చోవడానికి పలుచని రేకులో చేసిన గుంట రంధ్రపు అంచును కత్తి అంచులా పదును చేసింది. ప్రతి ఎగురుడుకూ లోపలి గాలి ఒత్తిడితో ఆ అంచుల్లో సన్నని పగుళ్లు పెరిగి, పక్క పక్క రంధ్రాల పగుళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి.

ఇక్కడ బలపు లెక్క తప్పిందని చెప్పలేం. జిగురు ఉన్నంతకాలం ఆ అతుకు లెక్క ప్రకారమే పనిచేసింది. లెక్క ఊహించని మార్గంలో జిగురు లేకుండాపోవడమే జరిగింది. బోయింగ్ అప్పటికే, 1970ల తొలినాళ్లలో, తయారీ వరుసలో 292వ 737 నుంచి ఆ చల్లని అతుకు పద్ధతిని మానేసింది. కప్పు ఊడిన అలోహా విమానం ఆ వరుసలో 152వది. అదే దశాబ్దంలో అమెరికా వైమానిక దళం డగ్లస్ సంస్థతో చేయించిన ప్రాథమిక జిగురు నిర్మాణాల కార్యక్రమం, ఫాస్ఫారిక్ ఆమ్లపు శుద్ధితో, వేడి చేసి గట్టిపరిచే జిగురుతో పూర్తి పరిమాణపు విమాన భాగాన్ని నిర్మించి పరీక్షించింది. ఆ అతుకుల్లో కావాలని చేసిన లోపాలు కూడా పెరగకుండా నిలిచాయి. జిగురు రసాయనంలో వచ్చిన మార్పు కంటే లోహం ఉపరితలానికి చేసిన శుద్ధే ఆ రెండు కథలనూ వేరు చేసింది.

అయితే తయారైన అతుకు లోపల అంటు ఎలా ఉందో బయటి నుంచి చూసి చెప్పలేమా? ఖాళీలను, గాలి బుడగలను, పూర్తిగా విడిపోయిన చోట్లను అల్ట్రాసోనిక్ పరీక్ష బాగానే పట్టుకుంటుంది. జిగురు, లోహం ఒకదానికొకటి ఆనుకుని ఉండి అంటు మాత్రం లేని చోట ధ్వని తరంగం ఆటంకం లేకుండా దాటిపోతుంది, తెరమీద అది మంచి అతుకులాగే కనబడుతుంది. రోజూ ఎదురుపడి పలకరించుకుంటూ లోలోపల మాటలు తెగిపోయిన ఇంటివారిలాంటిదే ఆ స్థితి. లేజరు దెబ్బతో అతుకును కొంత బలానికి లాగి చూసే పద్ధతి వచ్చింది. అది ఆ క్షణానికి ఆ మాత్రం బలం ఉందని చెబుతుంది, పదేళ్ల తేమ తర్వాత ఎంత ఉంటుందో చెప్పదు.

నియంత్రణ సంస్థలు ఈ పరిమితిని ఒప్పుకునే నిబంధనలు రాశాయి. సమ్మేళన పదార్థాల (కాంపోజిట్ల) విమాన నిర్మాణాలకు అమెరికా ఫెడరల్ ఏవియేషన్ సంస్థ 2009లో సవరించిన సలహా పత్రంలో మూడు దారులు చూపింది. ప్రతి అతుకులో ఒక హద్దు దాకా జిగురు పూర్తిగా వదిలేసినా మిగతా నిర్మాణం నిర్దేశిత బరువును మోయగలదని చూపాలి. లేదా తయారైన ప్రతి అతుకునూ ఆ బరువుకు లాగి చూడాలి. లేదా ప్రతి అతుకు బలాన్నీ నమ్మకంగా చెప్పే, వస్తువును చెడగొట్టని పరీక్ష ఒకటి స్థాపించాలి. మూడోది కాగితం మీద ఉన్నా, అంటు బలాన్ని కొలవగల అలాంటి పరీక్ష ఇంకా చేతికి రాలేదు. రెండోది ఖరీదు. అందువల్ల డిజైనర్లు ఎక్కువగా మొదటిదాన్నే పట్టుకుంటారు: అతుకు పొడవునా అక్కడక్కడా రివెట్లో బోల్టులో దిగగొట్టి, రెండు రివెట్ల మధ్య జిగురంతా పోయిందనుకుని బలం లెక్కిస్తారు. ఇంజనీర్లు వాటిని సరదాగా పిరికి రివెట్లు అంటారు. రివెట్ల బరువు, రంధ్రాల బాధ వదిలించుకోవడానికే విమానాల్లోకి వచ్చిన జిగురుకు, ఇప్పుడు ప్రతి కొన్ని అంగుళాలకు ఒక రివెట్టు కాపలా ఉంటోంది, దాని కోసం వేసే లెక్కలో జిగురు వాటా సున్నా.